మూసీని అలంపూర్‌లో కలిపినవాణ్ణి

పోటీ పరీక్షలు రాసీ రాసీ నాకు ఉద్యోగం రాలేదు కాని, పదిమంది చేత రాయించే ఉద్యోగం వచ్చింది. ఉప్పల్ నుంచి నాచారం వెళ్ళే రోడ్డు మీద, రంగుల దుకాణం పైన రెండో అంతస్తులో, పన్నెండేళ్ళకు పైగా జనరల్ నాలెడ్జి, ఇంగ్లీషు వొకాబులరీ చెప్పాను. రాష్ట్రం వేరుపడ్డ ఏడాది మానేశాను. ఇప్పుడు పరీక్షలకు చదివే మీరంతా ఫోను మీద వేలు పెట్టి రోజుకు వంద ప్రశ్నలు చేస్తున్నారు. జవాబు తప్పయితే ఎర్రగా, ఒప్పయితే పచ్చగా అదే చూపిస్తుంది. ఆ రోజుల్లో ఎరుపూ పచ్చా రెండూ నేనే. ఎవరూ నన్ను సరిచూసేవాళ్ళు కాదు, అదే వచ్చిన చిక్కు.

నేను కృష్ణ కాలవ నీళ్ళు తాగి పెరిగిన కోస్తావాణ్ణి. డిగ్రీ అయ్యాక నాచారంలో ఒక కంపెనీలో టైమ్ కీపరుగా చేరాను. పగలు ఎవరు ఎన్నింటికి వచ్చారో రాయడం, సాయంత్రం ఏ దేశానికి ఏది రాజధానో బట్టీ పట్టడం. వయసు దాటేదాకా రాసిన పరీక్షల హాల్ టికెట్లన్నీ కట్ట కట్టి దాచుకున్నాను. కంపెనీ మూతపడ్డాక నా ఆస్తి మంచం కింది గైడ్లు మాత్రమే. ఆ పరిస్థితుల్లోనే మా డైరెక్టరు కంట్లో పడ్డాను. ఆయన స్థానికుడు. టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవాడు, కంప్యూటర్లు రావడంతో టైపు మిషన్లు తుక్కుకి అమ్మేసి, అవే బల్లలతో కోచింగ్ సెంటరు పెట్టాడు. టీ కొట్టు దగ్గర పేపర్లోని క్విజ్ అంతా నేను గడగడా చెప్పేయడం చూసి ఆశ్చర్యపోయాడు.

"గిన్ని తెలిసి ఉద్యోగమెందుకు రాలే సార్ మీకు?" అన్నాడు.

"ఇన్ని తెలియడం వల్లే. లెక్కలు నేర్చుకోడానికి టైము మిగల్లేదు."

"అయితే లెక్కలకు వేరే సార్‌ను పెడ్త. మీకు తెలిసింది మీరు చెప్పుండ్రి," అని అప్పటికప్పుడు తీసుకున్నాడు.

నా పద్ధతి చెప్పాలి. రోజుకు పది ఇంగ్లీషు మాటలు, ఇరవై జీకే ప్రశ్నలు. మర్నాడు ఒక్కొక్కర్నీ లేపి అడిగేవాణ్ణి. చెప్పనివాళ్ళు చెప్పేదాకా నిలబడి ఉండాలి. ఫ్యాక్టరీల్లో షిఫ్టు చేసి వచ్చి, క్లాసులో కూడా నిలబడే ఉన్న పిల్లల్ని తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంటుంది. అప్పట్లో మాత్రం దాన్ని క్రమశిక్షణ అనుకున్నాను. మాటల్ని అక్షర క్రమంలో మొదలుపెట్టేవాళ్ళం. కొత్త బ్యాచి వచ్చినప్పుడల్లా మళ్ళీ మొదటికి వెళ్ళేవాళ్ళం కనుక, ఎ అక్షరంతో మొదలయ్యే మాటల్లో మా ఉప్పల్ పిల్లల్ని కొట్టేవాడు దేశంలో లేడు. ఎస్ దాకా వెళ్ళిన బ్యాచి నాకు గుర్తు లేదు.

ఇంకో ఆచారం కూడా ఉండేది. చేరిన రోజు ప్రతి ఒక్కరికీ ఒక ఇంగ్లీషు మాట పేరుగా పెట్టేవాణ్ణి. కోర్సు అయిపోయేదాకా అందరూ ఆ పేరుతోనే పిలవాలి. అలా పిలుచుకుంటే యాభై మంది పేర్లతో యాభై మాటలు వచ్చేస్తాయి. ఉప్పల్ రింగు రోడ్డు బస్టాపులో మా వాళ్ళు "ఏ మెలాంకలీ, బస్సొచ్చింది దా" అని అరుచుకుంటుంటే, ఆ మాటకు దిగులు అని అర్థం తెలియని పక్కవాళ్ళు కంగారుపడేవాళ్ళు. నాకు కూడా చాటుగా ఒక పేరు పెట్టారని చాలా కాలానికి తెలిసింది. ఇన్‌ఫాలిబుల్. ఎన్నడూ తప్పు చేయనివాడు అని అర్థం. కోపం నటించాను కాని, ఆ రోజు ఇంటికి వెళ్ళేటప్పుడు రెండు స్టాపులు సంతోషంతో నడిచాను.

ఈ కథ ఇద్దరి గురించి. ఒకరికి స్టబర్న్ అని పేరు పెట్టాను, అంటే మొండి. ముప్పై దాటిన ఆవిడ, ఒక బిడ్డ తల్లి. నల్గొండ వైపు నుంచి వచ్చి, నాచారంలో మందుల కంపెనీలో మాత్రల డబ్బాలు ప్యాక్ చేసేది. పొద్దుటి నుంచీ నిలబడే పని కావడంతో కాళ్ళల్లో నరాలు ఉబ్బేవి. గవర్నమెంటు ఆఫీసులో కుర్చీ ఉంటుంది కదా సార్, అదొక్కటి చాలు అనేది. ఆ కుర్చీ కోసం పరీక్ష రాయడానికి ఆమెకు వయసు ఇంకొక్క ఏడాదే మిగిలింది. రెండోవాడి పేరు డిలిజెంట్, శ్రద్ధగా పనిచేసేవాడు. చర్లపల్లిలో కాంట్రాక్టు పని, భార్య, చంటిపిల్ల. నేను దగ్గితే కూడా నోట్సులో రాసుకునే రకం. అతనికి పరీక్షలు రాయడానికి ఇంకో మూడేళ్ళు ఉంది.

ఒక రోజు నదులు చెబుతున్నాను. ఏ నది ఏ నదిలో ఎక్కడ కలుస్తుందన్న పట్టిక. మూసీ కృష్ణలో కలిసే చోటు అలంపూర్ అని బోర్డు మీద రాశాను. స్టబర్న్ లేచింది.

"సార్, మూసీ అలంపూర్ల గాదు కలిసేది. వాడపల్లిల."

"నీకెలా తెలుసమ్మా?"

"మా అమ్మమ్మోళ్ళ ఊరు గదే సార్. కృష్ణల మునిగి లేస్తే పక్కకెల్లి మూసీ వస్తది. చిన్నప్పటి సంది సూస్తున్న."

"చూసింది వేరు, చదివింది వేరు. పరీక్షలో నువ్వు చూసింది అడగరమ్మా. పుస్తకంలో ఉన్నది అడుగుతారు." క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

"పుస్తకం రాసినోళ్ళు సూడలేదేమో సార్," అందామె.

నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే ఆ పుస్తకం రాసింది నేనే. నా నోట్సును డైరెక్టరు అచ్చు వేయించి, ఎర్ర అట్టతో అందరికీ ఇచ్చేవాడు. నేను ఆమెను క్లాసు అయ్యేదాకా నిలబెట్టాను. మర్నాడు కోఠీ నుంచి కొన్న మూడు గైడ్లు తెచ్చి బల్ల మీద వరసగా పరిచాను. మూడింట్లోనూ అలంపూరే. "ముగ్గురు చెబుతున్నారు, నాతో కలిపి నలుగురం. ఇప్పుడేమంటావు?" అన్నాను. తల వంచి నోట్సులో రాసుకుంది. పక్కనున్న డిలిజెంట్ తర్వాత నాకు చెప్పాడు, ఆమె 'సార్ చెప్పిన ప్రకారం అలంపూర్' అని రాసుకుందట.

మూసీ మా క్లాసుకు ఎంత దూరమనుకున్నారు? నాగోలు వంతెన మీద నుంచి రోజూ ముక్కు మూసుకుని దాటేవాణ్ణి. ఆ నీళ్ళు చివరికి ఎక్కడికి పోతాయో ఆ ఒడ్డునే పుట్టినామె చెబితే, డెల్టా నుంచి వచ్చిన నేను ఆమెను నిలబెట్టాను. బయట ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరేగింపులు జరుగుతున్న రోజులు అవి. క్లాసులో ఒకరిద్దరు ముఖముఖాలు చూసుకున్నారు. నాకు అప్పుడు అర్థం కాలేదు.

మరుసటి ఏడాది ఒక ప్రభుత్వ బోర్డులో గుమాస్తా ఉద్యోగాలు పడ్డాయి. మా వాళ్ళు చాలామంది రాశారు. పరీక్ష అయ్యాక సెంటరు గేటు దగ్గర నిలబడి ప్రశ్నపత్రాలు చూడటం నాకు అలవాటు. అందరికన్నా ముందు డిలిజెంట్ పరుగెత్తుకొచ్చాడు.

"మూసీ వచ్చింది సార్. మన పుస్తకంలదే, అట్లనే దిగింది. కళ్ళు మూసుకోని పెట్టిన అలంపూర్."

వెనకాల స్టబర్న్ వచ్చింది. నువ్వేం పెట్టావని అడిగాను.

"వాడపల్లి పెట్టిన సార్."

"అలంపూర్ అని చెప్పాను కదమ్మా. మూడు పుస్తకాలు చూపించాను కదా."

"మీరు జెప్పిన్రు సార్. గా గడి దాక పెన్సిల్ పోయింది గూడ. చెయ్యి ఒప్పుకోలే."

తెలిసి తెలిసి ఒక మార్కు పారేసుకుందని ఆమెను అక్కడే చీవాట్లు పెట్టాను. మార్కుకీ మార్కుకీ మధ్య ఎన్ని వందల మంది ఉంటారో గేటు బయట నిలబడి ఉపన్యాసం ఇచ్చాను. అంతా విని, షిఫ్టుకు టైమవుతుందని వెళ్ళిపోయింది.

కొన్ని నెలలకు బోర్డు వాళ్ళు జవాబుల కీ, దానితో పాటు ఎంపికైనవాళ్ళ తాత్కాలిక జాబితా పెట్టారు. అభ్యంతరాలుంటే ఆధారాలతో వారంలోగా చెప్పుకోవాలి, ఆ తర్వాత ఖరారు జాబితా. కీలో మూసీ ప్రశ్నకు జవాబు అలంపూర్ అని ఉంది. జాబితాలో డిలిజెంట్ దాదాపు చిట్టచివర ఉన్నాడు, కాని ఉన్నాడు. స్టబర్న్ ఒకే ఒక్క మార్కు తేడాతో బయట ఉంది.

డిలిజెంట్ భార్యాబిడ్డలతో వచ్చి, మిఠాయి డబ్బా బల్ల మీద పెట్టి, కాళ్ళకు దండం పెట్టాడు. "మీ పుస్తకమే సార్ ఇదంత," అన్నాడు. ఆ చంటిది నా ఎర్ర అట్ట పుస్తకాన్ని నోట్లో పెట్టుకుని నమిలింది. డైరెక్టరు ఆలస్యం చేయలేదు. మూసీ ప్రశ్నను పెద్దచేసి ఫ్లెక్సీ కొట్టించి, 'అక్షరం మారకుండా మా మెటీరియల్ నుంచే' అని నాగోలు వంతెన దగ్గర స్తంభానికి కట్టించాడు. కింద మూసీ పారుతోంది, పైన అది అలంపూర్ పోతోందని రాసి ఉంది.

గడువు ఇంకో మూడు రోజులుందనగా స్టబర్న్ వచ్చింది. ఆ రోజు పనికి వెళ్ళలేదు. చేతిలో ఒక కాగితం. మూసీ నది తమ ఊరి దగ్గర కృష్ణలో కలుస్తున్నదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనదని వాడపల్లి సర్పంచ్ సంతకం చేసి, ముద్ర వేసి ఇచ్చాడు. బోర్డులో దాన్ని చూసి నవ్వి, సర్టిఫికెట్లు మనుషులకు ఇస్తారు కాని నదులకు ఇవ్వరు, పుస్తకం ఆధారం తెమ్మన్నారట. ఆమె దగ్గరున్న బడి పుస్తకంలో మూసీ కృష్ణకు ఉపనది అని ఉంది కాని, ఎక్కడ కలుస్తుందో ఊరి పేరు లేదు.

"గైడ్లల్ల అంత అలంపూర్ అనే ఉందంటున్నరు సార్. మీ కాడ పాత పుస్తకాలున్నయి గద. ఏదన్న ఒకదాంట్ల వాడపల్లి అని ఉంటే సూడుండ్రి. నన్ను నిలబెట్టినందుకు గాదు సార్, నాకు ఇగ పరీక్ష లేదు."

ఆ మాట అనేటప్పుడు ఆమె గొంతు మామూలుగానే ఉంది.

ఇంటికి వెళ్ళి మంచం కింది గైడ్లు లాగాను. మూడు గైడ్లలో నదుల పేజీ తీసి పక్కపక్కన పెట్టాను. క్లాసులో బల్ల మీద పరిచినప్పుడు జవాబు ఒక్కటే చూశాను, మొత్తం పేజీ చదవలేదు. ఇప్పుడు చదివాను. ఒక గైడులో పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఇలా అచ్చయి ఉంది: 'రేపటి టెస్టులో ఇది తప్పక అడుగుతాను.'

ఆ వాక్యం నాది. మొదటి ఏడాది చేత్తో రాసి జిరాక్సు తీయించి పంచిన కాగితాల్లో, మా పిల్లల్ని బెదిరించడానికి రాసింది. ఎవరో ఆ కాగితాలు పట్టుకెళ్ళి, బెదిరింపుతో సహా అచ్చు వేశారు. మిగతా రెండు గైడ్లు ఆ గైడును చూసి రాశాయి. బోర్డులో ప్రశ్నలు తయారుచేసిన పెద్దమనిషి వాటిలో ఒకదాన్ని చూసి ఉంటాడు. ఆమె ముందు నేను నిలబెట్టిన ముగ్గురు సాక్షులూ నేనే.

మరి నేనెక్కడ నుంచి రాశాను? అట్ట ఊడిపోయిన పాత పుస్తకం ఒకటి అటక మీద దొరికింది. దాంట్లో వరసగా ఉన్నాయి. తుంగభద్ర అలంపూర్ దగ్గర, దాని కింద మూసీ వాడపల్లి దగ్గర. నేను ఎత్తి రాస్తుంటే మధ్యలో ఎవరో పిలిచినట్టున్నారు. తిరిగొచ్చి పై వరసలో ఉన్నదే మళ్ళీ రాసుకున్నాను. అంతే జరిగింది. దానికి గొప్ప కారణమేమీ లేదు. తుంగభద్రకూ అలంపూరే, మూసీకీ అలంపూరే అని అన్నేళ్ళు పక్కపక్కనే ఉంటే, నేను గాని, నా పుస్తకం కంఠతా పట్టిన వందలమంది గాని అనుమానపడలేదు. అనుమానపడ్డ ఒక్కామెను నిలబెట్టాను.

అట్ట లేని పుస్తకం బోర్డుకు ఆధారం కాదు. ఇంకోటి దొరికినా, దానికి ఎదురుగా గైడ్లన్నీ అలంపూర్ అంటూనే ఉంటాయి. రాసినవాడే వచ్చి తప్పని ఒప్పుకోవాలి. అది కష్టం కాదు. కష్టం ఏమిటంటే, కీ మారితే డిలిజెంట్‌కు ఒక మార్కు తగ్గుతుంది. చిట్టచివర ఉన్నవాడికి ఒక మార్కు తగ్గితే ఏమవుతుందో చెప్పడానికి లెక్కల మాస్టారు అక్కర్లేదు. నా మాట విననామె కోసం, నా మాట అక్షరాలా విన్నవాణ్ణి నేనే జాబితా నుంచి లాగెయ్యాలి. అతనికి రెండేళ్ళుంది, ఆమెకు ఏమీ లేదు అని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే. కాని ఆ నిజం నన్ను నిలబెట్టడానికి చెప్పుకున్నదే.

మర్నాడు లెటర్‌హెడ్ కోసం డైరెక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన అంతా విని, కుర్చీలోంచి లేచి, తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

"మూసీ ఏడ కలుస్తే మనకేంది సార్? ఏడనో ఓకాడ కలుస్తది గద."

"తప్పు నాది. ఆమెకు అన్యాయం జరుగుతోంది."

"మన పిల్లలెంతమంది అలంపూర్ పెట్టిన్రో ఎరికేనా? అందరి మార్కు మీరే కోసినట్టయితది. గా డిలిజెంట్ పోరడు మొన్ననే మిఠాయి తెచ్చిండు. మీరు గూడ తిన్నరు."

"తిన్నాను."

"మరి?"

లెటర్‌హెడ్ కోసం చెయ్యి చాపాను. ఆయన కిటికీలోంచి రోడ్డు చూశాడు. "ఫ్లెక్సీకి పైసలు పోసిన సార్," అన్నాడు నీరసంగా. ఆ తర్వాత సొరుగు లాగి, లెటర్‌హెడ్ ఒకటి బల్ల మీదకు తోశాడు. "ఒక్కటే ఇస్తున్న. తప్పుల్లేకుంట రాయుండ్రి."

ఉత్తరం ముందు ఇంగ్లీషులో, తెల్ల కాగితాల మీద రాసి చూసుకున్నాను. ఇన్నేళ్ళ వొకాబులరీ బయటికి వచ్చింది. ఇనడ్వర్టెంట్, ఎర్రేటం, ఓవర్‌సైట్, అన్నీ పొరపాటుకు మారుపేర్లే. చదివి చూసుకుంటే తప్పు జరిగినట్టు ఉంది కాని, ఎవరు చేశారో తెలియడం లేదు. అన్ని మాటలు నేర్చుకున్నది దీనికేనా అనిపించింది. మూడు కాగితాలు చింపాక, లెటర్‌హెడ్ మీద తెలుగులో రాశాను. మూసీ కృష్ణలో కలిసేది వాడపల్లి దగ్గర. అలంపూర్ అని రాసింది నేను. అది తప్పు. మిగతా గైడ్లు నన్ను చూసి రాశాయి.

గడువు ఆఖరి రోజున స్టబర్న్‌ను తీసుకుని బోర్డు ఆఫీసుకు వెళ్ళాను. సంబంధిత అధికారి ఉత్తరం రెండుసార్లు చదివాడు.

"మీ క్వాలిఫికేషన్ ఏమిటండి?"

"బీకాం. మీ బోర్డు పరీక్షే నేను రెండుసార్లు తప్పాను."

"మిగతా గైడ్లు మిమ్మల్ని చూసి రాశాయని ఎలా నమ్మాలి?"

గైడు తెరిచి, పట్టిక కింద ఉన్న వాక్యం చూపించాను. దాని పక్కన నా చేతిరాత జిరాక్సు కాగితం పెట్టాను. రేపటి టెస్టులో ఇది తప్పక అడుగుతాను. ఆయన కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ చూశాడు. అంతవరకు బిగించుకున్న మొహం ఒక్కసారి సడలింది.

"చెప్పినట్టే అడిగించారు కదండీ మాస్టారూ," అన్నాడు.

ఆయన నవ్వాడు, పక్కనున్న గుమాస్తా నవ్వాడు. స్టబర్న్ నవ్వలేదు. ఆమె ఆ గదిలో ఖాళీగా ఉన్న కుర్చీ వైపు చూస్తూ నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు, నేను కూడా అనలేదు. అది గుర్తొచ్చినప్పుడల్లా నా మీద నాకే కోపం వస్తుంది.

డిలిజెంట్‌కు ఈ సంగతి ముందుగా చెప్పలేదు. చెప్పడానికి ధైర్యం చాలలేదు. చర్లపల్లి బస్సు ఎక్కి, సగం దారిలో మల్లాపూర్‌లో దిగి, వెనక్కి వచ్చేశాను. మీకు తప్పు ఒప్పుకోవడం గురించి పెద్ద మాటలు చెప్పే అర్హత నాకు లేనిది అందుకే. బోర్డు ముందు ఒప్పుకోవడం తేలిక. వాళ్ళు నాకు మిఠాయి పెట్టలేదు.

ఖరారు జాబితా వచ్చింది. కీ మారింది. స్టబర్న్ పేరు లోపలికి వెళ్ళింది, డిలిజెంట్ పేరు వెయిటింగ్ లిస్టులో మొదటికి వచ్చింది. ఆ ఉద్యోగం వదులుకునే పిచ్చివాడు ఎవరుంటారు, లిస్టు అక్కడే ఆగిపోయింది. స్టబర్న్ జీతం చేతికొచ్చిన నెల వచ్చి, "కుర్చీకి ఒక కాలు లేదు సార్, ఇటుక పెట్టుకున్న," అని చెప్పి నవ్వింది. మా డైరెక్టరు పాత ఫ్లెక్సీ విప్పించి, అదే స్తంభానికి కొత్తది కట్టించాడు: 'బోర్డు కీనే మార్పించిన ఏకైక సంస్థ.' ఆ ఏడాది మా దగ్గర చేరినంతమంది అంతకుముందు ఎన్నడూ చేరలేదు.

డిలిజెంట్ ఒక ఆదివారం వచ్చాడు. క్లాసు ఖాళీగా ఉంది. ఎప్పుడూ ముందు బల్ల మీద కూర్చునేవాడు ఆ రోజు ఆఖరి బల్ల మీద కూర్చున్నాడు.

"లెటర్ మీరే ఇచ్చిన్రంట గద సార్."

"నేనే ఇచ్చాను."

"నాకు ఒక మాట ముందుగాల చెప్తే మంచిగుండు. వద్దనకపోతుంటి సార్. ఆమె కరెక్టే పెట్టింది. గానీ నేను మా కాంట్రాక్టరుకు పని మానేస్తున్న అని చెప్పేసిన. మల్ల పోయి బతిలాడిన. తీస్కున్నడు లే."

క్షమించమని అడిగాను. జీవితంలో ఒక విద్యార్థిని అలా అడగడం అదే మొదలు. అతను ఆ మాట విననట్టే సంచీలోంచి ఎర్ర అట్ట పుస్తకం తీశాడు. ఒక మూల పాప నమిలిన గుర్తులున్నాయి.

"దీంట్ల ఇంకా గిసొంటియి ఉన్నయా సార్? వచ్చే నెల ఇంకో పరీక్ష ఉంది."

తిడతాడని సిద్ధపడి ఉన్నాను. ఆ ప్రశ్నకు సిద్ధపడి లేను. ఇన్ని జరిగాక కూడా అతనికి ఆ పుస్తకమే కావాలి, నేనే కావాలి. వేరే పుస్తకం కొనుక్కోమన్నాను. అవి గూడ మీయి సూసే రాసిన్రు గద సార్ అన్నాడు. నిజమే.

ఆదివారాలు కూర్చున్నాం. మొదటి పేజీ నుంచి ప్రతి వాక్యం దగ్గరా అతను వేలు పెట్టి ఒకే ప్రశ్న అడిగేవాడు. "ఇది సూసి రాసిన్రా సార్, సదివి రాసిన్రా?" ఎగతాళి కాదు. శ్రద్ధగానే అడిగేవాడు. నేను చదివి అనేవాణ్ణి. పక్కన పెన్సిలుతో చిన్న గీత పెట్టి, వారమంతా లైబ్రరీల్లో వెతికి సరిచూసుకుని వచ్చేవాడు. ఎన్ని తప్పులు దొరికాయో ఇక్కడ చెప్పను. మీలో కొందరి నాన్నలు ఆ పుస్తకం చదివే ఉద్యోగాల్లో చేరారు. పుస్తకం మొత్తం మీద నేను కళ్ళతో చూసి రాసినవి నాలుగైదు కూడా లేవని మాత్రం తేలింది.

అతను ఆ పరీక్ష తప్పాడు, దాని తర్వాతదీ తప్పాడు. వయసు దాటింది. చర్లపల్లిలోనే సూపర్‌వైజరు అయ్యాడు. తర్వాత రాష్ట్రం వేరుపడింది. రాజధానులు, జిల్లాలు, సరిహద్దులు, సగం నోట్సు తిరగరాయాల్సి వచ్చింది. ఆ పని కొత్తగా చేరిన మాస్టారికి అప్పగించి మానేశాను. అప్పగించేటప్పుడు నదుల పట్టిక ఒక్కసారి చూసుకోమన్నాను.

మానేసిన నెలలో డిలిజెంట్ ఫోను చేశాడు. "ఇగ మీకు క్లాసుల్లేవు, నాకు పరీక్షల్లేవు. ఒకపారి సూసొద్దామా సార్," అన్నాడు. ఏమిటని నేను అడగలేదు. ఎల్బీనగర్‌లో మిర్యాలగూడ బస్సు ఎక్కాం, అక్కడ ఇంకో బస్సు మారాం. దారంతా నా సంచీ అతనే మోశాడు. పదకొండు గంటల వేళకు వాడపల్లి గట్టు మీద నిలబడ్డాం.

ఎడమ వైపు నుంచి మూసీ వస్తోంది. నాగోలు దగ్గర నేను ముక్కు మూసుకుని దాటిన నీళ్ళే, ఇంత దూరం వచ్చేసరికి కాస్త తేరుకున్నాయి. చడీచప్పుడూ లేకుండా కృష్ణలో కలిసిపోతున్నాయి. చిన్నప్పుడు మా కాలవలో నేను తాగినవి కూడా ఇవేనని అప్పుడు తట్టింది. డిలిజెంట్ చెప్పులు విడిచి మోకాళ్ళ దాకా నీళ్ళలోకి దిగాడు. చాలాసేపు అటూ ఇటూ చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, క్లాసులో జవాబు చెప్పేటప్పటిలా చేతులు కట్టుకున్నాడు.

"ఇగ గిది మాత్రం ఎన్నటికీ మర్వను సార్," అన్నాడు.

మర్చిపోలేదనే అనుకుంటాను. నేనూ మర్చిపోలేదు. కాని నాకు తెలిసినంతవరకు, ఆ ప్రశ్న మళ్ళీ ఏ పరీక్షలోనూ రాలేదు.